సొంత పళ్ల లాగే

పోయిన వారం పటుక్కుగారి చేత కళ్లు మూయించి, ఆయన్ని భోజనాల బల్ల దగ్గర అలాగే వదిలేసి వెళ్లిపోయాం. పాపం, ఇంకా మూసుకునే ఉన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లూ ఓ కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు. గొడవ పెద్దదే గానీ చెప్పడానికి ఎంతోసేపు పట్టదు.

పటుక్కుగారు మొక్కజొన్న గోడౌన్‌లో గింజ చూసే మనిషి. లారీ వచ్చి గేటు దగ్గర ఆగితే, బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి నాలుగు గింజలు తీసి, ఒకటి నోట్లో వేసుకుని కొరుకుతాడు. పటుక్కుమంటే లారీ లోపలికి, అనకపోతే వెనక్కి. ఆ చప్పుడే ఆయన పేరైపోయింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి కూడా గుర్తు లేదు. ఈమధ్య ఆయన పొడి అని దింపించిన లోడు ఒకటి, వెనక కిటికీ పక్కన బస్తాలు ఒకదానిమీదొకటి నెట్టు కట్టిన చోట లోలోపల వేడెక్కి, ముక్కిపోయి, అటువైపు వెళ్లినవాళ్లు ముక్కు మూసుకునేదాకా వచ్చింది. పటుక్కుగారి మాట ప్రకారం లోడు పొడిగానే వచ్చింది. అంటే తడి తర్వాత చేరింది. అంటే వాన పడ్డ రోజు ఆ కిటికీ తెరిచే ఉంది. కిటికీ తాళాలు ఉండేది గోడౌన్ కీపరు దగ్గర. ఆ కీపరు ఎవరో కాదు, పటుక్కుగారి తోడల్లుడే. ఇవాళ ఆయన దగ్గర తాళాలు తీసుకుని ఇంటికి పంపేస్తానని గోడౌన్ యజమానురాలు నిన్ననే చెప్పేసింది.

ఇక బల్లకి ఇవతల కూర్చున్నది కోడలు. పళ్ల డాక్టరు. మామగారి నోట్లో కుడివైపు పైన రెండు, కింద రెండు ఇంప్లాంట్లు పెట్టింది ఆమే. నిన్న సాయంత్రం తోడల్లుళ్లిద్దరూ వరండాలో అరుచుకుంటుంటే ఆమెకి ఒక అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానం గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. అందుకే పొద్దున్నే, మొగుడు ఆఫీసుకి వెళ్లిపోగానే, రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. నీలం మూత డబ్బాలో బాగా ఎండిన గింజలు. ఎర్ర మూత డబ్బాలో అవే గింజలు, నానబెట్టి, తుడిచి, పైపైన ఆరబెట్టినవి. చూపుకి రెండూ ఒకటే.

"తెరవనా?" అన్నాడు పటుక్కుగారు.

"అప్పుడే వద్దు మామయ్యా. నోరు తెరవండి, కళ్లు కాదు."

"పెళ్లయిన దగ్గర్నుంచీ నేను మొత్తుకునేది దానికి తిరగేసి," అంది అత్తగారు వంటింట్లోంచి. "కళ్లు తెరవండి, నోరు మూయండి అని."

"నీ సలహా ఎవరూ అడగలేదు గానీ, టీ పెట్టు."

కోడలు సన్నటి పట్టకారుతో ఒక గింజ తీసి, నాలిక తగలకుండా తిన్నగా కుడివైపు దవడ పళ్ల మధ్య పెట్టింది. నాలిక మోసం చేస్తుందని ఆమెకి తెలుసు. ఇవాళ సాక్ష్యం చెప్పాల్సింది పళ్లు ఒక్కటే.

పటుక్.

"పొడి," అన్నాడు.

ఇంకోటి పెట్టింది. పటుక్. "పొడి."

ఇంకోటి. పటుక్. "ఇదీ పొడే. ఏంటమ్మాయ్, అన్నీ ఒకే డబ్బాలోవి పెట్టి నన్ను ఆట పట్టిస్తున్నావా?"

మూడింట్లో రెండు ఎర్ర మూతవి. చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడిన అత్తగారు పట్టకారు ఏ డబ్బాలోకి వెళ్లి వచ్చిందో చూసింది. ఆవిడ మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఇప్పుడు ఎడమవైపు," అంది కోడలు.

"ఎడమవైపు ఎందుకు? పని చేసేది కుడివైపు కదా."

"ఒక్కసారి మామయ్యా. గట్టిగా వద్దు, మెల్లగా."

ఆయన కాసేపు నీళ్లు నమిలాడు. తర్వాత నోరు తెరిచాడు. గింజ ఎడమవైపు దవడ పంటి మీద కూర్చుంది. ఈసారి పటుక్కుమనలేదు. ఆయన ఇంకా కొరకనేలేదు, ఊరికే పళ్లు ఆనించాడంతే.

"తడి," అన్నాడు.

తర్వాతది ఆనించాడు. "పొడి." తర్వాతది. "తడి. ఇది బాగా తడి. ఎవరు తెచ్చారివి? మన గేటు దగ్గరికే రానిచ్చేవాణ్ని కాదు."

అన్నీ సరిపోయాయి. పరీక్ష గెలిచిన పిల్లాడిలా ఆయన కళ్లు తెరిచి చూశాడు. ఎదురుగా కోడలి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏమైందమ్మాయ్?"

"కుడివైపు పెట్టినవాటిలో కూడా తడివి ఉన్నాయి మామయ్యా. మీరు అన్నీ పొడన్నారు."

పటుక్కుగారు డబ్బాల వంక చూశాడు. పెళ్లాం వంక చూశాడు. ఆవిడ తల వంచుకుని, పెట్టని టీ కోసం వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన ఎర్ర మూత తీసి, ఒక గింజ కుడివైపు వేసుకుని తనే కొరికాడు. పటుక్. మళ్లీ వేసుకున్నాడు. పటుక్. నాలుగో గింజకి దవడ కదలడం మానేసింది.

"ఎడమవైపు ఎన్నాళ్లనుంచి నొప్పి?" అంది ఆమె.

"నొప్పని ఎవరన్నారు?"

"మీ కనుబొమ్మ అంది. ఇందాక గింజ వదిలినప్పుడల్లా ముడిపడింది."

ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, చెప్పేశాడు. ఎడమవైపు కొంతకాలంగా జివ్వుమంటోంది. చన్నీళ్లు తగిలితే నెత్తికెక్కుతోంది. చెబితే కోడలు అదీ పీకేస్తుందేమోనని పంటి బిగువున భరిస్తూ వచ్చాడు. కుడివైపు మరపళ్లు వచ్చాక ఆ బాధ తప్పింది. మర తిప్పి బిగించిన పళ్లు కాబట్టి వాటికి ఆ పేరు పెట్టుకున్నది కూడా ఆయనే. గోడౌన్‌లో కొరుకుడంతా వాటికే అప్పగించేశాడు. ఆ నెట్టు లోడు కూడా వాటితో చూసిందే.

ఆ మరపళ్ల గురించి ఆయన చెప్పని మనిషి లేడు. అంతకు ముందు తీసిపెట్టుకునే సెట్టు ఉండేది. మాట్లాడుతుంటే జారేది, తుమ్మితే ఊడేది, పడుకునే ముందు గ్లాసులో పెడితే అత్తగారు మంచినీళ్లనుకుని ఓసారి సగం గ్లాసు ఎత్తేసింది కూడా. మరపళ్లు వచ్చాక ఆ తలనొప్పులన్నీ పోయాయి. యాపిల్ కాయని కాయలాగే కొరుకుతున్నాడు. వేరుశనగలు గుప్పిళ్లకి గుప్పిళ్లు నములుతున్నాడు. పుచ్చిపోవు, పోటు పెట్టవు, బ్రష్ చేసుకుంటే చాలు. నోట్లో ఉన్నాయన్న సంగతే గుర్తుండదని పార్కులో అడిగినవాడికీ అడగనివాడికీ నోరు తెరిచి చూపించేవాడు. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ పళ్లతో అన్నం తినేవాళ్లెవరికీ ఏ లోటూ రాలేదు. ఈయన ఆ పళ్లతో అన్నం సంపాదించుకుంటున్నాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

"తప్పు పళ్లది కాదు మామయ్యా," అంది కోడలు. "సొంత పన్నుకీ దవడ ఎముకకీ మధ్య ఒక సన్నటి పొర ఉంటుంది. పరుపులాంటిదనుకోండి. పన్ను దాని మీద కూర్చుంటుంది. దేన్నయినా కొరికితే పన్ను ఆ పరుపులోకి ఒక్క పిసరు దిగుతుంది. అక్కడున్న నరాలకి అది తెలుస్తుంది. ఇసుక రేణువు పడినా ఉలిక్కిపడేది అందుకే. మీ మరపళ్లకి ఆ పరుపు లేదు. స్క్రూ తిన్నగా ఎముకలో బిగుసుకుంది. బలానికి బలమే, కానీ ఎంత గట్టిగా నొక్కుతున్నాయో వాటికి తెలీదు. పైనా కిందా రెండూ అవే అయ్యేసరికి చెప్పేవాళ్లే లేకుండా పోయారు. మీకు తెలీకుండానే ఎక్కువ బలం పెట్టేస్తున్నారు. తడి గింజైనా పటుక్కుమనక ఏం చేస్తుంది?"

ఆయన చాలాసేపు గింజని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"తడి గింజ ముందు లొంగుతుంది, తర్వాత పగులుతుంది," అన్నాడు చివరికి. "పొడిది లొంగదు, పగులుతుందంతే. నేను వినేది ఆ లొంగడం. పటుక్కు కాదు. పటుక్కు వినేది చుట్టూ నిలబడ్డవాళ్లు."

"ఆ లొంగడం కుడివైపు తెలియట్లేదా?"

"తెలియట్లేదని కూడా తెలియలేదు అమ్మాయ్."

ఆ మాటకి ఆమె గుండె చివుక్కుమంది. ఆ పళ్లు పెట్టేముందు ఆయన్ని ఎన్నో అడిగింది. షుగరు ఉందా, బీపీ ఉందా, ఏ వైపు నములుతారు, నిద్రలో పళ్లు నూరుతారా. ఉద్యోగంలో పళ్లతో ఏం చేస్తారని మాత్రం అడగలేదు. ఏం చేస్తాడో ఊరంతటికీ తెలుసు, ఆమెకీ తెలుసు. తెలిసిన సంగతిని మళ్లీ అడగడం ఎందుకనుకుంది.

పటుక్కుగారికి కోపం కాస్త ఆలస్యంగా వస్తుంది. ఇప్పుడొచ్చింది.

"ఆ కుర్చీలో నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మొహం మీద లైటు పెట్టి, ఏం చెప్పావు నువ్వు?"

"అచ్చం సొంత పళ్ల లాగే ఉంటాయన్నాను."

"అన్నావా లేదా?"

"అన్నాను. లాగే అన్నాను మామయ్యా. సొంతవని అనలేదు." అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది. అయినా ఏం లాభం, మాట బయటికొచ్చేసింది.

"ఓహో," అన్నాడాయన. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "ఈ ఇంటికొచ్చిన కొత్తలో మీ అత్తయ్యతో ఏమన్నావు? మామయ్యగారు నాకు మా నాన్న లాగే అన్నావు. మేం మీ వాళ్లతో ఏమన్నాం? కూతురి లాగే చూసుకుంటామన్నాం. అవన్నీ కూడా ఈ లాగేనా?"

"ఏమండీ!" అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి. "పన్ను మీద కోపం పిల్ల మీద చూపిస్తారేంటి?"

కోడలికి నిజంగానే తల కొట్టేసినట్టయింది. ఆయన తనని ఎప్పుడూ అమ్మాయ్ అనే పిలుస్తాడు. వేరే ఊళ్లో ఉన్న కూతురితో ఫోన్లో మాట్లాడితే మాత్రం తల్లీ అంటాడు. ఆ తేడా ఆమె ఎన్నోసార్లు గమనించింది, ఎన్నడూ తప్పు పట్టలేదు. ఇవాళ పట్టాలనిపించింది. పట్టలేదు.

"మా నాన్నే ఆ కుర్చీలో కూర్చుని ఉంటే, ఏం కాదులే నాన్నా అని బుజ్జగించి పంపేదాన్ని," అంది. "మీకు అలా చెప్పి ఊరుకోలేకపోతున్నాను. అది ఏ లాగేనో మీరే చెప్పండి."

ఆయన కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. ఎదురింటి మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. అది అయిపోయేదాకా చూశాడు.

"అయితే వాడు కిటికీ మూశాడన్నమాట," అన్నాడు.

కోడలు డబ్బాలకి మూతలు పెట్టింది.

"మూశానన్నయ్యా, మూశాను అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. నా పన్ను అబద్ధం చెప్పదన్నాను." గోడకున్న చొక్కా తీసి తొడుక్కోవడం మొదలుపెట్టాడు. బొత్తాలు ఒకదానిబదులు ఒకటి పెట్టుకుంటుంటే అత్తగారొచ్చి సరిచేసింది. "పద అమ్మాయ్. ఆ డబ్బాలు పట్టుకో."

"వస్తాను. ముందు నోరు చూడనివ్వండి."

వరండా వెలుతురులో నిలబెట్టి, చిన్న అద్దం పెట్టి చూసింది. ఎడమవైపు కింద, చివరి దవడ పంటి మీద, తలవెంట్రుక లాంటి గోధుమరంగు గీత ఒకటి ముందు నుంచి వెనక్కి పాకి ఉంది.

"పన్ను చీలింది మామయ్యా. మొత్తం కాదు. ఇవాళ సాయంత్రమే క్యాప్ పని మొదలుపెడితే నిలబడొచ్చు. అప్పటిదాకా దాని మీద నలుసు కూడా పెట్టకండి. నాకు మాటివ్వండి."

"సరే."

"సరే కాదు, మాట."

"మాటే," అన్నాడు చెప్పులు వేసుకుంటూ, ఆమె మొహం చూడకుండా.

గోడౌన్ గేటు బయట ఒక లారీ పొద్దున్నుంచీ ఆగి ఉంది. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. లోపల రేకుల కప్పు కింద బస్తాల నెట్లు, వాటి మధ్య మనిషి పక్కవాటుగా నడిచే దారులు, గాలి నిండా పొట్టు దుమ్ము. వెనక్కి వెళ్లేకొద్దీ పుల్లటి ముక్కిన వాసన. హమాలీలు పని లేక తూకం కాటా మీద ఒకడి తర్వాత ఒకడు ఎక్కి బరువు చూసుకుంటున్నారు.

ఆఫీసు గదిలో బల్ల మీద తాళాల గుత్తి ఉంది. తోడల్లుడు భోజనం డబ్బా చేత్తో పట్టుకుని, వెళ్లిపోవడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఎదురుగా యజమానురాలు. తండ్రి దగ్గర్నుంచి గోడౌన్ చేతికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడని అందరూ మేడమ్ అనే అంటారు. ఆవిడ పెద్దగా నవ్వదు.

"రండన్నయ్యా," అన్నాడు తోడల్లుడు. "నన్ను సాగనంపడానికి డాక్టర్ని కూడా తెచ్చారే. కళ్లు తిరిగి పడిపోతాననుకున్నారా?"

పటుక్కుగారు ఆ వేళాకోళం పట్టించుకోకుండా తాళాల గుత్తి తీసి తోడల్లుడి చేతిలో పెట్టాడు.

"ఆ లోడు తడిగానే వచ్చింది మేడమ్," అన్నాడు. "ఈయన కిటికీ మూశాడు. నా పన్ను తప్పు చెప్పింది."

తోడల్లుడు భోజనం డబ్బా కిందపెట్టాడు. పటుక్కుగారి నోట తప్పు అన్న మాట, అందులోనూ నా అన్న మాటతో కలిపి, ఆయన ఈ జన్మలో వినలేదు.

మేడమ్ మాత్రం కదలలేదు. "నిన్న పొడి, ఇవాళ తడి. మధ్యలో ఏం జరిగింది పెద్దాయనగారూ? అక్కాచెల్లెళ్లు ఫోన్లో మాట్లాడుకున్నారా?"

కోడలు ముందుకొచ్చింది. పరుపు సంగతి, స్క్రూల సంగతి మళ్లీ చెప్పింది. ఇకనుంచి తేమ చూసే మీటరు వాడటం మంచిదని కూడా అంది. మేడమ్ సొరుగు లాగి మీటరు బయటికి తీసింది. బ్యాటరీ ఎప్పుడో కారి, తెల్లటి బూజులా గట్టిపడి, మూత కూడా ఊడిరావడం లేదు.

"ఈయనుండగా మీటరెందుకని మేమే పక్కన పడేశాం," అంది మేడమ్. "మీరు చెప్పేది నిజమే కావచ్చు డాక్టరుగారూ. కానీ మీరు ఆయన కోడలు. ఈయన ఆయన తోడల్లుడు. మీ అందరిదీ ఒకే వంటిల్లు. నాకు కళ్లతో చూస్తే గానీ నమ్మకం కుదరదు."

అందుకే డబ్బాలు తెచ్చామంది కోడలు. మేడమ్ వాటిని తన ముందుకు లాక్కుంది. తన రుమాలుతో పటుక్కుగారి కళ్లకి తనే గంతలు కట్టింది. గుమ్మం దగ్గర హమాలీలు గుమిగూడారు. పట్టకారు ఎలా పట్టుకోవాలో కోడలు చూపించింది. ఆ తర్వాత గింజలు ఏరింది, పెట్టింది అంతా మేడమే.

కుడివైపు. పటుక్, పొడి. పటుక్, పొడి. పటుక్, పొడి. పెట్టినవన్నీ ఎర్ర మూతవే. మేడమ్ కనుబొమ్మలు పైకి లేచాయి, వెంటనే దిగిపోయాయి.

"తప్పు చెప్పడం ఎవరైనా చెయ్యగలరు," అంది. "కావాలని కూడా చెప్పొచ్చు. రెండోవైపు ఒప్పు చెబితేనే కదా తేడా తెలిసేది."

ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. అందుకే కోడలికి భయం వేసింది.

"ఎడమవైపు వద్దు మేడమ్. ఆ పన్ను చీలి ఉంది. ఆయన నాకు మాటిచ్చారు."

"మాటకేం, మాట ఇచ్చినవాణ్ని నేను," అన్నాడు పటుక్కుగారు గంతల వెనక నుంచి. "పెట్టండి మేడమ్. ఊరికే ఆనిస్తాను అమ్మాయ్, కొరకను. భయపడకు."

తోడల్లుడు ఏదో అనబోయి మానేశాడు. తన ఉద్యోగం ఆ నోట్లో ఉంది.

గింజ పడింది. "తడి." ఇంకోటి. "పొడి." ఇంకోటి. "పొడి." ఇంకోటి. "ఇది తడి, మీరు అన్నిటికన్నా అడుగునుంచి తీశారు, నీరు ఇంకా వదల్లేదు." మేడమ్ చెయ్యి ఆగింది. నిజంగానే అడుగునుంచి తీసింది.

ఆవిడ పట్టకారు కిందపెట్టి, తోడల్లుడి వైపు తిరిగి, "తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి. నిన్న అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను," అంది. హమాలీలు హోరుమన్నారు. తోడల్లుడు గుత్తిని గుప్పిట్లో పట్టుకుని, దానికేసే చూస్తూ, ముక్కు ఎగబీల్చాడు. కోడలి ఒంట్లోంచి బరువంతా దిగిపోయినట్టయింది. సాయంత్రం క్యాప్ పనికి ఏ వేళ ఖాళీ ఉందో మనసులోనే వెతుక్కుంది.

"గంతలు ఎలాగూ ఉన్నాయి," అన్నాడు పటుక్కుగారు. ఆ హోరు ఆయన తలకెక్కింది. "ఆ బయట లారీ సంగతి కూడా తేల్చేద్దాం. పొద్దున్నుంచీ ఎండలో ఉంది పాపం."

"చాలు మామయ్యా. వద్దు."

"ఏమోయ్ తోడల్లుడూ, నీ చేత్తో తీసుకురా. ఎదర బస్తాలోంచి కాదు, అట్టడుగుదాన్లోంచి."

తోడల్లుడు పరుగున వెళ్లి, ఇనుప గొట్టంతో తీసుకుని, పరుగున వచ్చాడు. ఒక గింజ ఏరి, పట్టకారు కూడా వాడకుండా వేళ్లతోనే ఎడమవైపు పెట్టాడు. "ఇదిగో అన్నయ్యా," అన్నాడు, గొంతు బొంగురుపోయింది. ఆనిస్తానన్న మనిషి ఆనించి ఊరుకుంటే బాగుండేది. కానీ ఇది డబ్బాలో గింజ కాదు, గేటు దగ్గరి లారీ గింజ. దవడకి పాత అలవాటు గుర్తొచ్చింది.

పటుక్!

ఇంత గట్టి చప్పుడు ఈమధ్య ఎవరూ వినలేదు. ఒక హమాలీ ఈల వేశాడు. "పొడి!" అని అందరూ ఒక్కసారే అరిచారు. తోడల్లుడు తాళాలు గలగలలాడించుకుంటూ గేటు వైపు పరిగెత్తాడు. బయట లారీ ఇంజను లేచింది.

పటుక్కుగారు మాత్రం పొడి అనలేదు. రుమాలు కింద మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. చెయ్యి గాల్లోకి చాపి వెతికితే కోడలు అందుకుంది. ఆయన తల వంచి, ఆమె అరచేతిలోకి నోట్లోది వదిలాడు.

గింజ పగల్లేదు. దాని మీద మెత్తగా ఒక నొక్కు పడి ఉందంతే. దాని పక్కన పన్ను ముక్క ఉంది, నిలువునా చీలి, ఒకవైపు ఎర్రగా.

"తడి," అన్నాడు ఆమె చెవికి మాత్రం వినబడేలా. "లారీ ఆపమను."

ఆమె పిడికిలి మూసి వెనక్కి తిరిగింది. "ఆపండి! చిన్నమామయ్యా, లారీ ఆపండి! అది తడి!"

లారీ ముందు చక్రాలు గేటు దాటి లోపలికి వచ్చి, కీచుమని ఆగాయి. అందరూ ఆమెకేసే చూశారు. ఇందాకటి నవ్వులు ఇంకా కొందరి మొహాల మీదే ఉన్నాయి.

"పటుక్కుమనడం అందరం విన్నాం డాక్టరుగారూ," అంది మేడమ్. "తడని ఎవరు చెప్పారు? ఆ గింజ ఏదీ, చూపించండి." ఆవిడ చెయ్యి చాపింది.

చూపిస్తే గింజ నిజం చెబుతుంది, లారీ వెనక్కి వెళుతుంది. పక్కనున్న ముక్క కూడా నిజమే చెబుతుంది, ఈ గోడౌన్‌లో ఈయనకి ఇక పని లేదని. కోడలి పిడికిలిలో గింజా పన్నూ ఒకదానికొకటి గుచ్చుకుంటున్నాయి. గంతలు కట్టిన కళ్లతోనే ఆయన ఆమె మణికట్టు వెతికి పట్టుకున్నాడు.

"విప్పకు తల్లీ," అన్నాడు.